మొదటి రకం పొక్కు

ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన బొటనవేలుగారు. ఎదురుగా ఉన్నప్పుడు ఆ 'గారు'ను ఒత్తి పలికేవారు. ఆయన అటు తిరగగానే అది కూడా అటే పోయేది.

అద్దాలూ టీవీలూ పింగాణీ సామాన్లూ పగలకుండా చుట్టి పంపే బుడగల ప్లాస్టిక్కు ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది. వేడి మీదున్న రెండు పల్చటి పొరలను ఒకదానికొకటి అదిమితే, మధ్యలో గాలి చిక్కుకుని బుడగలవుతుంది. రోలు చుట్టడం పూర్తయ్యాక దాని చివర ఒకటి, మధ్యలో ఒకటి ముక్కలు కత్తిరించి బొటనవేలుగారి బల్ల మీద పెట్టేవారు. ఆయన కళ్లు సగం మూసి, కుడి బొటనవేలితో ఒక్కో బుడగనూ నొక్కేవారు. మొదట అది ఎదురు తిరగాలి. ఇంకొంచెం నొక్కితే ఆలోచనలో పడాలి. ఇక తప్పదన్నప్పుడు మాత్రమే టప్పుమని ప్రాణం వదలాలి. అలా పోయినది మొదటి రకం. గాలి పక్క బుడగలోకి పారిపోతే పొరలు సరిగా అతకలేదని అర్థం. అది రెండో రకం. ముట్టుకోగానే చచ్చేదానికి ఏ రకమూ లేదు. ఈ పరీక్ష చేయడానికి నిజానికి ఒక యంత్రం కూడా ఉండేది. దానికి గుడ్డ కప్పి, పైన అందరూ టిఫిను డబ్బాలు పెట్టుకునేవారు.

బొటనవేలుకు తోడు ఆయనకు ఇంకో ప్రతిష్ఠ ఉంది. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్కరోజు కూడా సిక్ లీవు పెట్టలేదు. అలాంటివారికి కంపెనీ ఏటా ఒక గోడగడియారం బహుమతిగా ఇచ్చేది. వాళ్లింట్లో గోడలు చాలక గడియారాలు స్నానాలగది దాకా వచ్చాయి. ఏ రెండూ ఒకే సమయం చూపించకపోవడంతో, భార్య టైము తెలుసుకోవాలంటే పక్కింటికి వెళ్లేది.

జలుబంటే ఏమిటో ఆయనకు స్వానుభవం లేదు. తెలియని విషయం మీద మనిషికి ఉండే నమ్మకం చాలా బలమైనది. జలుబు మనోదౌర్బల్యమని ఆయన నమ్మేవారు. భార్య ముందు గదిలో ట్యూషను పిల్లలకు లెక్కలు చెప్పేది. పిల్లలు ఆవిడ దగ్గర భిన్నాలు నేర్చుకుని, బదులుగా జలుబు ఇచ్చి పోయేవారు. ఆవిడ ముక్కు చీదుకుంటూ వంటింట్లో తిరుగుతుంటే ఆయన పేపరు మడిచి, "శరీరానికి మనం అలుసిస్తున్నాం. నా తెల్లకణాలు చూడు, ఒక్క క్రిమిని గడప దాటనివ్వవు" అనేవారు. ఆ మాట అన్నాక తాను స్వయంగా కాచుకున్న చేదు కషాయం ఒక గ్లాసు తాగేవారు. రోగనిరోధక శక్తి పెరగడానికట. ఆ వాసనకు క్రిములే కాదు, చుట్టాలు కూడా గడప దాటడం తగ్గించారు.

చుట్టాల్లో ఆయనకు బొత్తిగా గిట్టనివాడు భార్య తమ్ముడు. పాత సోఫాలు విప్పి, కొత్త దూది కూరి, గుడ్డ బిగించడం అతని పని. దూది దుమ్ములో బతికే మనిషి కావడాన తుమ్ము లేకుండా ఒక్క వాక్యం పూర్తిచేయలేడు. ఆ తుమ్ములను బావగారు ప్రతిసారీ పరువు తక్కువ పనిగా చూసేవారు.

పదవీ విరమణ సంవత్సరం వచ్చింది. చివరి రోజున సభ పెట్టి, లోలకం ఉన్న పెద్ద గడియారం ఇస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. గడియారం మాట అటుంచి, "ఈయన జీవితంలో ఒక్కరోజు కూడా జబ్బు పడలేదు" అన్న వాక్యాన్ని మైకులో వినాలని ఆయన కోరిక. అందరూ వింటుండగా తన గురించి ఒక నిజమైన వాక్యం వినాలనుకోవడం పెద్ద అత్యాశేమీ కాదు. ఆ వాక్యాన్ని బతికించుకోవడానికి ఒంటిని పణంగా పెట్టడం మాత్రం అత్యాశే.

సరిగ్గా అప్పుడే దురద మొదలైంది. తొడలు, పొట్ట, ముంజేతులు, వీపు. సబ్బు మార్చారు. పక్కబట్టలు మార్చారు. ఆఖరికి తలుపు ద్వారబంధానికి వీపు రాస్తూ, ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టడం నేర్చుకున్నారు. కొన్ని వారాలకు ఒక ఉదయం ఎడమ ముంజేతి మీద పొక్కు లేచింది. గుండ్రంగా, బిగువుగా, లోపల తేటనీటితో నిగనిగలాడుతోంది.

మరొకరైతే కంగారుపడేవారు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లు సగం మూసి, బొటనవేలితో మెల్లగా నొక్కారు. ఎదురు తిరిగింది. ఇంకొంచెం నొక్కారు. ఆలోచనలో పడింది.

"ఏమేవ్, ఇలా రా. ఒకసారి పట్టుకు చూడు."

ఆవిడ చపాతీ కర్రతోనే వచ్చి చూసింది. "అయ్యో, ఏమిటండీ ఇది? కాలిందా?"

"కాలడం కాదు. గట్టితనం చూడు. నీళ్లు పక్కకి పారట్లేదు. మొదటి రకం."

"మీ ఒంటి మీద లేచిన పొక్కుకి మీరే మార్కులేసుకుంటారా?"

"మంచి సరుకుని మంచిదనే అనాలిగా."

ఆ రోజు చొక్కా చేతులు మడిచి ఫ్యాక్టరీకి వెళ్లారు. ప్యాకింగ్ విభాగం మొత్తం వచ్చి చూసి, నాణ్యత విషయంలో ఆయనతో ఏకీభవించింది. అందరిలోనూ పెద్దదైన ప్యాకింగ్ అక్క మాత్రం కళ్లద్దాలు పైకి నెట్టుకుని అడిగింది.

"ఒక్కసారి టప్పుమనిపించి చూస్తే పోలా అండీ?"

"ఇది శాంపిలు కాదమ్మా. ఒక్కటే ఉంది."

ఆ బెంగ ఎక్కువకాలం నిలవలేదు. వారం తిరక్కుండా పొట్ట మీద, తొడల మీద వరసగా లేచాయి. ఆయన గర్వం అక్కడ కొద్దిగా సడలింది. ఇన్ని ఎందుకో అర్థం కాలేదు. లోపలున్న విషమేదో బయటికి పోతోందని తేల్చి కషాయం రెండు గ్లాసులు చేశారు. పొక్కులు కూడా రెండింతలయ్యాయి. చొక్కాకు అంటుకుని చితికిన చోట పచ్చిపుండ్లు పడ్డాయి. ఆయన కుర్చీ అంచున కూర్చోవడం చూసి భార్య ఆటో పిలిచింది.

చర్మం డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో నిదానస్తురాలు. పొక్కు పక్కన ఉన్న చర్మం నుంచి చిన్న ముక్క పరీక్షకు తీయాలంది. ఆయనకు ఆ పద్ధతి నచ్చింది.

"శాంపిలన్నమాట. ఒక్క ముక్కతో రోలు మొత్తం ఎలా తేలుస్తారు? మేం చివరా మధ్యా కూడా తీస్తాం."

"మీరు రోలు కాదంకుల్. ఒక్కటి చాలు."

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ కంప్యూటరులో ఒక బొమ్మ చూపించింది. నల్లటి నేపథ్యం మీద సన్నని ఆకుపచ్చ గీత మెరుస్తోంది. బొటనవేలుగారు ముందుకు వంగి, తెంపు లేకుండా సమంగా సాగిన ఆ గీతను మెచ్చుకోలుగా చూశారు.

"గీత బాగుంది" అన్నారు.

"బాగుండకూడదు. మెరుస్తున్నవి మీ సొంత ప్రతిరోధకాలు. క్రిముల మీద అతుక్కోవలసినవి మీ చర్మం మీద అతుక్కున్నాయి." ఆవిడ రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. "చర్మంలో పై పొర, కింద పొర ఉంటాయి. రెంటినీ పట్టి ఉంచడానికి మేకుల్లాంటి ప్రోటీన్లుంటాయి. మీ తెల్లకణాల్లో బి కణాలనేవి ఆ మేకుల్ని పరాయివనుకుని, వాటి మీదికి ప్రతిరోధకాలు తయారుచేసి పంపుతున్నాయి."

"వాటికెవరు పురమాయించారు?"

"టి కణాలు."

"టి కణాలకి?"

"అది మాకూ పూర్తిగా తెలీదు."

"ఎక్కడైనా అంతే. అసలు అధికారి దొరకడు" అన్నారాయన సానుభూతిగా. "సరే, అంటుకున్నాయి. అంటుకుంటే ఏమవుతుంది?"

"అంటుకోవడమే గుర్తు. ఆ గుర్తు చూసి న్యూట్రోఫిల్స్, ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వచ్చి వాలతాయి. వాటి దగ్గర కత్తెర్లలాంటి ఎంజైములుంటాయి. మేకుల్ని కోసేస్తాయి." ఆవిడ మళ్లీ అరచేతులు కలిపి, మెల్లగా విడదీసింది. "పొరలు విడిపోయిన ఖాళీలో నీరు చేరుతుంది. అదే మీ పొక్కు."

"ఆపేవాళ్లే లేరా?"

"ఉన్నారు. రెగ్యులేటరీ టి కణాలని. 'ఇక ఊరుకోండి' అనడమే వాటి ఉద్యోగం. ఈ జబ్బులో వాటి సంఖ్య తగ్గడమో, మాట చెల్లకపోవడమో జరుగుతుందనుకుంటున్నాం."

"మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది" అంది భార్య. "మాట చెల్లదు."

తానెవరో, పరాయివారెవరో తేల్చుకోవడానికి తత్వవేత్తలు శతాబ్దాలుగా తలలు పట్టుకుని కూర్చున్నారు. తెల్లకణం ఆ పనిని క్షణంలో ముగిస్తుంది; పొరపాటు పడటానికి కూడా క్షణమే తీసుకుంటుంది. బొటనవేలుగారు ఇంత దూరం ఆలోచించలేదు. ఆయన వెతుకుతున్నది వేరే.

"అయితే డాక్టరమ్మా, నా రోగనిరోధక శక్తి గట్టిదన్నమాటేగా?"

"గట్టిదే. గురి తప్పింది."

ఆయన మొదటి మాట విని రెండోది వదిలేశారు. ఆవిడ పూతమందు రాసింది, మాత్రలు రాసింది, కషాయం ఆపమంది, కొన్ని వారాలు ఇంట్లో ఉండమంది. "ఈ మందులు ఆ కణాల దూకుడు తగ్గిస్తాయి. అందుకని కొన్నాళ్లు జలుబూ దగ్గూ తొందరగా అంటుకోవచ్చు. జ్వరమొస్తే మాత్రం వెంటనే నాకు చెప్పాలి."

"జలుబా?" అన్నారాయన. చర్మం పొరలు విడిపోతున్నాయన్నప్పుడు కూడా ఆ గొంతు అంత పల్చబడలేదు.

"వదిలేస్తే పుండ్లలో క్రిములు చేరి, మిమ్మల్ని నేనే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సొస్తుంది. ఇప్పుడైతే ఇంట్లో పడుకోమంటున్నాను. మీ ఇష్టం."

ఇంటికొచ్చాక మాత్రల డబ్బా బల్ల మీద, ఆయన కుర్చీలో, ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారు. విరమణకు ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. ఈ మాత్ర మింగితే లీవు పెట్టాలి. లీవు పెడితే ఆ వాక్యం పోయినట్టే. మింగకపోతే ఒళ్లు పోతుంది. ఆయన కషాయం వైపు మొగ్గారు.

విషయం తెలిసి బావమరిది చక్కా వచ్చాడు. వాకిట్లోనే తుమ్మి, లోపలికొచ్చి, అక్క చెప్పిందంతా సావధానంగా విన్నాడు.

"అంటే బావా, నువ్విన్నాళ్లూ పోసి పెంచిన సైన్యం నీ ఇంటి మేకులే పీకుతోందన్నమాట."

"నీ సైన్యం సంగతి చూసుకో. రోజుకి వందసార్లు తెల్లజెండా ఊపుతుంది."

"ఊపితేనేం. నా తోలు నా ఒంటి మీదుంది."

"ఒరేయ్, ఊరుకో" అంది అక్క.

"మరి ఈ కషాయం వాటి మేతేగా అక్కా? మేపి మేపి కొమ్ములొచ్చాయంటే ఎవరి తప్పు?" అని అతను మరోసారి తుమ్మబోయి, బావగారి చూపుకు జడిసి సగంలో ఆపుకుని, చెవులు పట్టుకుని కూర్చుండిపోయాడు.

భార్య ఆ రాత్రి ఒక్క మాటే అంది. "ఆ వాక్యం కోసం మీరు చర్మం వదులుకుంటానంటే, సభకి నేను రాను. మిగిలినదేదో మీరే మోసుకెళ్లండి." మాత్రల డబ్బాను ఆయన చెంబు పక్కన పెట్టి పడుకుంది. ఆయన చెంబును అవతలి పక్కకు జరిపారు.

పొక్కులు ముంజేతుల నుంచి అరచేతుల్లోకి దిగాయి. ఒక ఉదయం కుడి బొటనవేలి మెత్తటి కొసమీదే ఒకటి లేచి కూర్చుంది. దాన్ని మాత్రం ఆయన నొక్కి చూడలేదు. నొక్కడానికి ఉన్న వేలు అదే. గుడ్డ చుట్టుకుని, ఆలస్యమైందని పరుగులాంటి నడకతో ఫ్యాక్టరీకి చేరారు.

పెద్ద ఆర్డరు ఉన్న రోజు. వాకిట్లో లారీ నిలబడి ఉంది. మొదటి ముక్క వచ్చింది. ఆయన కళ్లు సగం మూసి నొక్కారు. గుడ్డ కింద పొక్కు మెత్తగా లొంగింది. బుడగ లొంగిందనుకున్నారు.

"తీసెయ్యండి" అన్నారు.

రెండో రోలు, మూడో రోలు. ప్రతి ముక్కా వేలి కింద నీరుగారిపోతున్నట్టే ఉంది. తీసెయ్యండి. మధ్యాహ్నానికి తిప్పికొట్టిన రోళ్లు గోడలా పేరుకుని, ఆయన బల్ల గుహలోకి పోయినట్టయింది. యంత్రం దగ్గరివాళ్లు వేడి పెంచారు, తగ్గించారు, ఒకరినొకరు నిందించుకున్నారు. కష్టపడి చేసినది వెనక్కి వస్తుంటే ఆపరేటరు మొహం వేలాడేసుకున్నాడు. లారీ డ్రైవరు వచ్చి, వాయిదా వేయవలసిన తన మిగతా జీవితం గురించి మేనేజరుకు వివరించాడు.

అప్పుడు ప్యాకింగ్ అక్క ఆ గోడలోంచి ఒక ముక్క చింపుకుని వచ్చి, ఆయన చెవి పక్కనే నొక్కింది. టప్. ఇంకోటి. టప్. ఒక వరస మొత్తం, మంచి ప్రాణమున్న చప్పుడుతో.

"బొటనవేలుగారూ, ఇవి మనవే. బంగారంలా ఉన్నాయి. పొద్దుట్నుంచీ మీరు మన సరుకునే బయటికి తోస్తున్నారు."

ఆయన ఆ ముక్క తీసుకుని ఎడమచేత్తో నొక్కారు. ఎదురు తిరిగింది. ఆలోచనలో పడింది. టప్పుమంది. గుడ్డ చుట్టిన వేలిని చూసుకున్నారు. ఆ తర్వాత తన ముందున్న గోడను. ఉద్దేశంలో ఏ లోపమూ లేదు. శ్రద్ధలో అంతకన్నా లేదు. ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంత మంచి సరుకు నేలపాలైంది. డాక్టరమ్మ అరచేతులు రెండూ మెల్లగా విడిపోవడం ఆయనకు కళ్లకు కట్టింది.

"నన్ను ఎవరూ ఆపలేదేమమ్మా?" అన్నారు.

"మీరు మీరు కదండీ. ఆపాలని ఎవరికి తోస్తుంది?"

ఆయన లేచి, పరీక్ష యంత్రం మీది టిఫిను డబ్బాలను ఒక్కొక్కటిగా దించి, గుడ్డ తీసి దులిపారు. ఆ దుమ్ముకు గదిలో సగంమంది తుమ్మారు. ఎవరినీ ఏమీ అనకుండా మేనేజరు గదికి వెళ్లారు.

"నాకు సిక్ లీవు కావాలి."

మేనేజరు కలం కింద పెట్టాడు. "ఎవరికి?"

"నాకే."

"అలా కాదండీ, ఇంకో నాలుగు నెలలు. సాధారణ సెలవని రాసుకుందాం. సభలో చెప్పడానికి నేను వాక్యం కూడా తయారుచేసుకున్నాను."

మేనేజరు చూపించిన దారి తప్పుడుదేమీ కాదు, నలుగురూ నడిచేదే. "వద్దండి" అన్నారాయన. "సరుకు ఏదైతే ఆ ముద్రే వెయ్యాలి. జబ్బని రాయండి."

ఇంటికి వెళ్లి చెంబు దగ్గరికి జరుపుకున్నారు. మొదటి మాత్ర మింగబోతూ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, "కాసేపు మీరంతా కూర్చోండిరా నాయనా" అని ఒంటి లోపలివాళ్లతో మర్యాదగా చెప్పారు. భార్య విననట్టు నటించింది. కషాయం గిన్నెను మాత్రం ఆ పూటే తోమి బోర్లించింది.

పూతమందు ఒళ్లంతా రాయడం ఒక ఘట్టమైంది. భార్య వీపు రాసేది, మిగతాది ఆయన రాసుకునేవారు. కుర్చీలో కూర్చుంటే జారిపోయేవారు. గ్లాసు పట్టుకుంటే అది జారిపోయేది. తలుపు గడియ తీయలేక ఒకసారి స్నానాలగదిలో, మూడు రకాల సమయాల మధ్య, భార్య ట్యూషను ముగించేదాకా ఉండిపోయారు. రోజులు గడిచేకొద్దీ కొత్త పొక్కులు తగ్గాయి, తర్వాత ఆగాయి. పాతవి ఎండి, వాటి చోట గులాబిరంగు మచ్చలు మిగిలాయి. దురద పోయి ఆయనకు నిద్ర పట్టింది. డాక్టరమ్మ చూసి, "కణాలు మాట వింటున్నాయి. మందు మాత్రం నేను చెప్పేదాకా ఆపకండి" అంది.

అటు తర్వాత ఒక ఉదయం ఆయన భార్యను తట్టి లేపారు.

"నాకేదో అవుతోంది. ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. తల బరువుగా ఉంది. ఊపిరి ఒకవైపే ఆడుతోంది. మనవాళ్లకి ఏమైనా చెప్పాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పెయ్యనా?"

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, థర్మామీటరు పెట్టి, జ్వరం లేదని తేల్చుకుని, డాక్టరమ్మకు ఫోను చేసింది. అటునుంచి చెప్పింది విని ఫోను పెట్టేసి అంది. "జలుబట."

"ఇదేనా అది?"

"ఇదే."

వార్త బావమరిదికి చేరింది. దుకాణం కట్టేసి వచ్చాడు. మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, నాటకం చూడబోయేవాడిలా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఏదీ, ఒకటి రానీ బావా."

బొటనవేలుగారికి తుమ్ము వచ్చింది. ఆయన దాన్ని అవమానంలా భావించి పెదాలు బిగించేసరికి, కళ్లు బయటికొచ్చి, మంచం కిర్రుమంది.

"అలా మింగకూడదు. చెవులు పోతాయి. మోచెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు తెరిచి, వచ్చేదాన్ని రానివ్వాలి. దాంతో వాదించకూడదు."

"నువ్వు చూస్తుంటే రాదురా."

"గోడవైపు తిరిగి చేసుకో, నేనేమీ అనుకోను."

ఆయన తిరిగారు. గడియారాల కేసి ముఖం పెట్టి, వాదించకుండా తుమ్మారు. ఇల్లు దద్దరిల్లింది. ఆయన మొహంలో ఎవరూ ఎరగని ఒక తేలికదనం కనిపించింది.

"హాయిగా ఉంది" అన్నారు ఆశ్చర్యంగా.

"మరి నేను వందసార్లు ఎందుకు తుమ్ముతాననుకున్నావు?" అన్నాడు బావమరిది.

రెండు రోజుల్లో ఆ జలుబు ఆవిడకూ అంటుకుంది. ఈసారి ఇచ్చింది పిల్లలు కాదు. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ అలవాటుగా వంటింట్లోకి వెళ్లబోతే ఆయన అడ్డొచ్చారు.

"నీకు ఏటా ఇలాగే ఉండేదా?"

"ఏటా ఏమిటి, నెలకోసారి."

"ఇలాగే? తల ఇంత బరువుగా?"

"ఇంతకన్నా ఎక్కువే."

"మరి వంట చేసేదానివిగా."

"చేసేదాన్ని."

ఆయన వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు కదిపారు. ఆవిడ మంచం మీంచే దారి చెప్పింది: పెద్ద గిన్నె కింద అరలో, మూత దాని వెనక, స్టూలు ఆయన ఎప్పుడూ చూడని చోట. నీళ్లు మరిగాక ఆయన గిన్నెను రెండు గుడ్డలతో పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ తెచ్చి, స్టూలు మీద పెట్టారు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని, తలల మీదుగా ఒకే దుప్పటి కప్పుకున్నారు. లోపల చీకటి, వెచ్చటి ఆవిరి. నుదుళ్లు తగిలాయి.

"ఇంకా ఎంతసేపు?" అన్నారాయన.

"ఊపిరాడేదాకా."

"నాకు ఆడుతోంది."

"నాకు ఆడేదాకా" అంది ఆవిడ.

ఆయన దుప్పటి కొసను ఆవిడ వైపు ఇంకాస్త లాగి, మళ్లీ తల వంచారు.